జోడు ఓట్ల కాలం

1,26,792. 1,24,604. 1,24,039. 1,18,968.

1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురంలో పోటీ చేసిన నలుగురికి పడ్డ ఓట్లివి. వరసగా బిడ్డిక సత్యనారాయణ, డిప్పల సూరిదొర, వి.వి.గిరి, వి.కృష్ణమూర్తి నాయుడు. నియోజకవర్గం ఒకటే, సీట్లు రెండు. మొదటి ఇద్దరూ గెలిచారు. ఇంతవరకూ మూడో తరగతి పిల్లాడికి తెలిసే లెక్కే. అయితే 565 ఓట్ల తేడాతో మూడో స్థానంలో మిగిలిపోయిన మనిషి 1954 దాకా కేంద్రంలో కార్మిక మంత్రి. అంతకు ముందెప్పుడో 1937లో, మద్రాసు శాసనసభ ఎన్నికల్లో, సాక్షాత్తూ బొబ్బిలి రాజానే ఓడించిన మనిషి. 1969లో రాష్ట్రపతి అయ్యాడు. ఆయన్ని దాటిపోయిన ఇద్దరూ గిరిజన అభ్యర్థులు. ఉన్న రెండు సీట్లలో ఒకటి గిరిజనులకు కేటాయించినది, రెండోది జనరల్. జనరల్ సీటులో గిరిజనుడు కూర్చోవచ్చా అని రెండేళ్లు కోర్టుల్లో వాదించుకున్నారు.

నేను పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఎక్కువ కాలం పాలకొండ, కురుపాం, సాలూరు వైపే గడిచింది. పార్లమెంటు నా స్థాయి వ్యవహారం కాదు. ఊళ్లలో వార్డులు గీయించడం, జాబితాలు సరిచూడడం, సర్పంచి ఎన్నిక గొడవ లేకుండా దాటించడం నా పని. కానీ ఒక ఊరి మ్యాపు ముందేసుకుని పెన్సిల్ పట్టుకున్నప్పుడల్లా ఈ నాలుగు అంకెలూ మెదిలేవి. ఊరంతా కలిసి ఇద్దర్ని ఎన్నుకోవడం వేరు, ఊరిని రెండు ముక్కలు చేసి ముక్కకొకరిని ఎన్నుకోవడం వేరు. జనం వాళ్లే, ఓట్లూ అవే, గెలిచేవాడు మాత్రం మారిపోతాడు.

మా నాన్న బడిపంతులు. ఆ ఏడాది ఏజెన్సీలో పోలింగ్ డ్యూటీ పడింది. పెట్టెలు కావిళ్ల మీద కొండెక్కాయని చెప్పేవాడు. ఆంధ్ర ప్రాంతంలో ఆ యేడు అసెంబ్లీ ఎన్నిక లేదు. 1955లో గెలిచినవాళ్లే కొత్త ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో కొనసాగారు, తెలంగాణలోని 105 సీట్లకే ఓటింగు. అందుకని నాన్నగారి బూతులో లోక్‌సభ పెట్టెలు మాత్రమే ఉన్నాయి. నలుగురు అభ్యర్థులకు నాలుగు పెట్టెలు, ఒక్కోదాని మీద ఒక్కో గుర్తు. బ్యాలెట్ కాగితం రూపాయి నోటంత ఉండేది. దాని మీద అభ్యర్థి పేరు లేదు, గుర్తు లేదు, ముద్ర వేయాల్సిన పని లేదు. తెర వెనక్కి వెళ్లి ఇష్టమైన పెట్టెలో పడేసి రావడమే. ముద్రవేసే పద్ధతి 1962కి గానీ దేశమంతా రాలేదు.

పార్వతీపురం ఓటరుకి అలాంటి కాగితాలు రెండు ఇచ్చారు. రెండూ ఒకే పెట్టెలో వేస్తే ఒకటే లెక్కకొస్తుంది, రెండోది చెల్లదు. ఒకటే వేసి ఊరుకున్నా తప్పు లేదు. ఇదంతా సవరభాషలో చెప్పడానికి ఒక కుర్రాణ్ణి తోడు పెట్టుకున్నాడట నాన్న. తెలుగులో చెప్పినా కొరుకుడుపడేది కాదు. ఒక ముసలాయన తెర వెనక నుంచి ఒక కాగితం పట్టుకుని తిరిగొచ్చి, “పంతులుగోరూ, ఇదొకటి మిగిలిపోనాది” అన్నాడట. ఇంకొకడు లోపలికి పోకముందే అడిగాడు: “ఒకటి కొండోడికి, ఒకటి పల్లపోడికి. అంతే గదా బాబూ?”

నాన్న అవుననలేదు. కాదనలేదు కూడా. అవునంటే అబద్ధం, కాదంటే ప్రచారం. చట్టంలో అలాంటి మాట ఎక్కడా లేదు. ఏ కాగితం ఎవరికైనా వేసుకోవచ్చు. కానీ ఆ ఓటరు ఒక్కడే కాదు, పల్లంలో పెద్ద పెద్ద నాయకులు కూడా అలాగే అనుకున్నారు. ఒకటి వాళ్లకి, ఒకటి మనకి. కాగితం మీద లేని ఈ ఒప్పందమే జోడు సీట్లను పదేళ్లు నడిపించింది.

దీని పుట్టుక 1932లో ఉంది. అణగారిన కులాలకు ప్రత్యేక నియోజకవర్గాలిస్తామని ఆ ఆగస్టులో బ్రిటిష్ ప్రధాని ప్రకటించాడు. అంబేడ్కర్ అడిగింది అదే. గాంధీ యరవాడ జైల్లో నిరాహార దీక్షకు కూర్చున్నాడు. సెప్టెంబరు 24న పూనా ఒడంబడిక కుదిరింది. అణగారిన కులాలకు రాష్ట్ర శాసనసభల్లో దక్కే సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి, అందులో 30 మద్రాసు రాష్ట్రానివి. దానికి బదులుగా ప్రత్యేక ఓటు పోయింది. ముందు ఆ కులాల ఓటర్లే నలుగురిని ఎంపిక చేస్తారు, ఆ నలుగురిలో ఒకరిని అందరూ కలిసి ఎన్నుకుంటారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ నలుగురి ఎంపిక తీసేశారు. రిజర్వు సీటునూ జనరల్ సీటునూ ఒకే నియోజకవర్గంలో కట్టేసే పద్ధతి మాత్రం మిగిలింది. ఒక్క సీటే ఉన్నచోట దాన్ని రిజర్వు చేస్తే మిగతా కులాలవాళ్లు అక్కడ నిలబడే వీలే ఉండదు కదా, రెండు సీట్లు కలిపి ఉంచితే ఎవరి హక్కూ పోదు అన్నది దాని వెనకున్న ఆలోచన. ఒక చోట ఇద్దరిని ఎన్నుకోవడం ఇంగ్లండులో ఎప్పటి నుంచో ఉన్నదే. అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో దాని ఆనవాళ్లు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది 1950లో. సరిగ్గా మనం మొదలుపెట్టబోతున్న వేళకి.

1952 లోక్‌సభలో సీట్లు 489, నియోజకవర్గాలు 401. వాటిలో 86 జోడు సీట్లు. ఉత్తర బెంగాల్‌లో ఒకచోట ఏకంగా మూడు. మద్రాసు అసెంబ్లీలో 375 సీట్లకు 309 నియోజకవర్గాలు, వాటిలో 66 జోడువి. హైదరాబాదు అసెంబ్లీలో 142 నియోజకవర్గాలకు 33 జోడువి. అంటే మన రెండు వైపులా చాలామంది మొదటిసారి ఓటేసిందే రెండు కాగితాలతో. ఈ సంగతి ఇవాళ ఎవరికీ గుర్తు లేదు.

గుర్తు లేకపోవడం వల్ల ఒక ప్రసిద్ధమైన మాటను కూడా సగమే చెప్పుకుంటున్నాం. 1952లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడని తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. నిజమే. ఆయనకు 3,09,162, నెహ్రూకు 2,33,571. కానీ నల్లగొండ జోడు సీటు. ఆయన పక్కనే పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున రిజర్వు సీటుకు నిలబడ్డ సుంకం అచ్చాలుకు 2,82,117 ఓట్లు వచ్చాయి. ఒక్కో ఓటరు చేతిలో రెండు ఓట్లుంటే అంకెలు అంత లావుగానే కనిపిస్తాయి. అలాగని రికార్డుకు మచ్చేమీ లేదు. నెహ్రూ పోటీచేసిన అలహాబాదు తూర్పు-జౌన్‌పూర్ పశ్చిమం నియోజకవర్గం కూడా జోడు సీటే. ఆయన జోడీ మసూరియాదిన్‌కు 1,81,700 ఓట్లొచ్చాయి. కాబట్టి పోలిక న్యాయమైనదే. మనం మర్చిపోయిన పేరు మాత్రం అచ్చాలుది. దేశ ప్రధానికన్నా నలభై ఎనిమిది వేలు ఎక్కువ తెచ్చుకున్న ఆయన గురించి ఎవరూ గర్వంగా చెప్పుకోగా నేను వినలేదు.

ఆ అంకెల్లో ఇంకో విషయం ఉంది. నల్లగొండలో జనరల్ అభ్యర్థికి తన జోడీ కంటే 27 వేలు ఎక్కువ. నెహ్రూకు దాదాపు 52 వేలు ఎక్కువ. ముందు పెద్దాయన, వెనక రిజర్వు ఆయన. కాంగ్రెసు గుర్తు కాడెద్దులు కదా. కాడికి పెద్ద ఎద్దు ఒకటి, దాని వెంట నడిచే చిన్న ఎద్దు ఒకటి అన్నట్టే ఉండేది ఆ ఏర్పాటు. చిన్న ఎద్దు వెనకబడినంత కాలం ఎవరికీ చట్టం గుర్తురాలేదు.

బొంబాయిలో వేరే రకం నొప్పి బయటపడింది. 1952లో బొంబాయి ఉత్తరంలో రిజర్వు సీటుకు అంబేడ్కర్ నిలబడ్డాడు, ఆయనతో పొత్తుగా జనరల్ సీటుకు సోషలిస్టు అశోక్ మెహతా. అంబేడ్కర్‌కు 1,23,576 ఓట్లు, కాంగ్రెసు అభ్యర్థి కాజ్రోల్కర్‌కు 1,38,137. తేడా పద్నాలుగున్నర వేలు. చెల్లకుండా పోయిన కాగితాలు డెబ్బై వేలకు పైనే. రెండో ఓటు వృథా చేయమని ప్రత్యర్థులు ప్రచారం చేశారంటూ అంబేడ్కర్, మెహతా ఎన్నికల పిటిషన్ వేశారు. రెండేళ్ల తర్వాత భండారా ఉపఎన్నికలో మళ్లీ ఆయనే, మళ్లీ పక్కన మెహతా. మనవాళ్లు రెండో ఓటు ఎవరికీ వేయకుండా ఉంటే మీరు గట్టెక్కుతారని అనుచరులు చెప్పారనీ, రాజ్యాంగం రాసినవాణ్ని ఓటు పారేయమని ఎలా చెప్తానని ఆయన ఒప్పుకోలేదనీ చెప్తారు. మెహతా గెలిచాడు. అంబేడ్కర్ ఓడిపోయాడు.

రెండో ఓటు దాచుకోవడం అంటే ఏమిటో చెప్పాలి, ముందు ముందు అవసరం పడుతుంది. మీకు రెండు ఓట్లున్నాయి, మీకు నచ్చినవాడు ఒక్కడే. రెండో ఓటు ఇంకెవరికి వేసినా వాడు మీవాణ్ని దాటిపోవచ్చు. వేయకపోతే మీ ఒక్క ఓటుకే బలం పెరుగుతుంది. తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లకి ఉమ్మడి ఓటింగులో ఇది ఒక్కటే ఆయుధం.

పార్వతీపురానికి వద్దాం. నలుగురి ఓట్లూ కలిపితే 4,94,403. మనిషికి రెండేసి చొప్పున కనీసం రెండు లక్షల నలభై ఏడు వేల మంది ఓటేసి ఉండాలి. మొదటివాడికీ నాలుగోవాడికీ మధ్య తేడా 7,824. ఇంత గట్టి పోటీలో ఎవరు ఎవరికి రెండో కాగితం వేశారో, ఎవరు జేబులో పెట్టుకెళ్లారో పెట్టెలు చెప్పవు. ఒక్కటి మాత్రం తెలుస్తుంది. కాంగ్రెసు జోడీలో గిరికి సత్యనారాయణ కంటే 2,753 ఓట్లు తక్కువ వచ్చాయి. అందులో నాలుగో వంతు ఆయన వైపు పడినా గెలిచేవాడు. కాడెద్దులకు ఓటేసిన కొందరు ఒక ఎద్దునే తోలుకుపోయారన్నమాట.

లెక్కింపు పద్ధతి 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 54వ సెక్షన్‌లో ఉంది. ముందు రిజర్వు సీటు. గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి అది ఇచ్చేయాలి. సత్యనారాయణకు ఇచ్చారు. ఆ తర్వాత జనరల్ సీటు. మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువ వస్తే వారిది. మిగిలినవాళ్లలో సూరిదొర ఉన్నాడు, గిరి ఉన్నాడు, కృష్ణమూర్తి నాయుడు ఉన్నాడు. 1,24,604 పెద్దదా, 1,24,039 పెద్దదా? రిటర్నింగ్ ఆఫీసరు ఆలోచించాల్సింది ఏమీ లేదు.

గిరి పిటిషన్ వేశాడు. రెండు వాదనలు. రిజర్వు సీటుకని నామినేషన్ వేసిన మనిషి ఆ సీటుకే పోటీదారు, జనరల్ సీటు ఆయనకు ఎలా ఇస్తారు అన్నది మొదటిది. సూరిదొర అసలు మూకదొర తెగవాడే కాడు, ఆ కుటుంబం క్షత్రియులమని దస్తావేజుల్లో రాయించుకుంటూ వస్తోంది అన్నది రెండోది. ట్రిబ్యునల్, హైకోర్టు దాటి వ్యవహారం ఢిల్లీ చేరేసరికి గిరి ఉత్తరప్రదేశ్ గవర్నరుగా లక్నోలో ఉన్నాడు. 1959 మేలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. జస్టిస్ గజేంద్రగడ్కర్ రాసిన తీర్పు సారాంశం ఇది: నేను ఫలానా తెగవాణ్నని అభ్యర్థి ఇచ్చే ప్రకటన రిజర్వు సీటుకు అతనికి అదనపు అర్హత తెచ్చిపెడుతుంది, అంతే. ఆ ప్రకటన ఇచ్చినందుకు జనరల్ సీటు మీద అతనికున్న హక్కు పోదు. ఇక క్షత్రియ వాదన. ఒక కుటుంబం తనను తాను పెద్ద కులమని చెప్పుకున్నంత మాత్రాన పుట్టుకతో వచ్చిన తెగ మారిపోదని కోర్టు తోసిపుచ్చింది. గిరి ఓడిపోయాడు.

నాకు ఈ కేసులో మొదటి వాదనకన్నా రెండోదే ఎక్కువ చెప్తుంది. మన్యంలో కాస్త పొలం, పలుకుబడి కలిగిన కుటుంబాలు పల్లపు పెద్దలతో కలవడానికి క్షత్రియ మర్యాదలు పెట్టుకోవడం కొత్త కాదు. నా చిన్నతనంలో కూడా దస్తావేజులో ఒక మాట, ఇంట్లో ఇంకో మాట ఉండేవి. ఆ మర్యాదను పల్లం ఎన్నడూ మనసారా ఒప్పుకోలేదు. మా వాళ్లే అని ఎవరూ పీట వేయలేదు. సీటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, అబ్బే, నువ్వు క్షత్రియుడివయ్యా అన్నారు!

గిరి అదృష్టం చూడండి. ఒక లెక్కింపు పద్ధతి ఆయన్ని 565 ఓట్లతో ముంచింది. ఇంకో లెక్కింపు పద్ధతి తేల్చింది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో మొదటి ప్రాధాన్యం ఓట్లతో ఆయన గెలవలేదు. 4,01,515 వచ్చాయి, కావాల్సినన్ని రాలేదు. రెండో ప్రాధాన్యాలు కలిపాక 4,20,077తో నీలం సంజీవరెడ్డిని దాటాడు. మన దేశంలో రాష్ట్రపతి ఎన్నిక రెండో ప్రాధాన్యం ఓట్ల మీద తేలింది అదొక్కసారే.

565 ఓట్లు ఒక చట్టాన్నే మార్చేశాయని మా వైపు అంటారు. అంత సూటిగా చెప్పడం నాకిష్టం లేదు. జోడు సీట్ల మీద వేరే ఫిర్యాదులూ చాలా ఉన్నాయి. సీటుకి సగటున ఏడు లక్షల పైచిలుకు జనాభా, జోడు సీటంటే దానికి రెట్టింపు. కాళ్లతో, ఎడ్లబండితో తిరిగే అభ్యర్థికి అది తరమయ్యే పని కాదు. ఖర్చు ఎక్కువ, ఓటరుకు గందరగోళం. కానీ ఈ ఫిర్యాదులన్నీ 1952లోనూ ఉన్నాయి. 1957లో జోడు సీట్లు తగ్గకపోగా 91కి పెరిగాయి. సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రెండేళ్లు తిరక్కముందే 1961లో ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం వచ్చింది. ఆ ఏడాది పార్లమెంటు చేసిన మొదటి చట్టం అదే. వెనకబడాల్సిన ఎద్దు ముందుకొచ్చేసరికి కాడే తీసేశారని నేననుకుంటాను. దీనికి నా దగ్గర రుజువు లేదు, తేదీలున్నాయి.

చట్టం ప్రకారం ఎన్నికల సంఘం ప్రతి జోడు సీటునూ రెండుగా కోసింది. గిరిజనులు లేదా దళితులు ఎక్కువగా ఉన్న ముక్క రిజర్వు, రెండోది జనరల్. 1962లో పార్వతీపురం గిరిజన సీటయింది. బిడ్డిక సత్యనారాయణే మళ్లీ గెలిచాడు.

ఇక్కడే నా ఫిర్యాదు. గిరిజనుడికి సీటు భద్రమైంది, సంతోషం. జోడీగా నిలబెట్టిన పల్లపు నాయకుడి జీపు వెనక, ఆయన డబ్బు మీద తిరగాల్సిన అగత్యమూ కొంత తగ్గింది. కానీ 1957 దాకా జనరల్ సీటుకు నిలబడ్డ ప్రతి పెద్దమనిషికీ కొండ మీది ఓటు కావాల్సి వచ్చేది. గుమ్మలక్ష్మీపురం సంతలో పల్లపు అభ్యర్థుల మనుషులు పొగాకు చుట్టలు పంచి దండాలు పెట్టేవాళ్లని నాన్న నవ్వుతూ చెప్పేవాడు. నవ్వులాటే అయినా, దండం పెట్టేవారు. 1962 తర్వాత కొండ ఓటు కొండ వైపు, పల్లం ఓటు పల్లం వైపు అయిపోయింది. మైదానపు సీటులో నిలబడే నాయకుడికి సీతంపేట ఎక్కడుందో తెలియకపోయినా ఓటు పోదు. భూమి అన్యాక్రాంతం గురించి, షావుకారు అప్పు గురించి మాట్లాడాల్సిన బాధ్యత మొత్తం రిజర్వు సభ్యుడి నెత్తిన పడింది. శ్రీకాకుళం ఏజెన్సీలో తుపాకులు పేలింది ఆ దశాబ్దం చివర్లోనే. దానికి కారణాలు అడవిలో, అప్పుపత్రంలో ఉన్నాయి, నియోజకవర్గం గీతలో కాదు. అయినా ఆ గీత ఎవరి చెవులు ఎటు తిప్పిందో లెక్కలోకి తీసుకోవాలి.

నా పెన్సిల్ పనీ అదే, చిన్న కొలతలో. మన పంచాయతీల్లో ఊరి జనాభాను బట్టి 5 నుంచి 21 దాకా వార్డులుంటాయి. వార్డుకొక మెంబరు. సర్పంచిని మాత్రం ఊరంతా కలిసి ఎన్నుకుంటుంది. అంటే ఒకే పోలింగ్ రోజున ఓటరు రెండు పద్ధతుల్లోనూ ఓటేస్తాడు. దళితవాడ ఇళ్లన్నీ ఒకే వార్డులో పడితే ఒక మెంబరు ఖాయం, ఆ ఒక్కడితోనే సరి. ఆ ఇళ్లను మూడు వార్డుల్లోకి పంచితే మూడు చోట్లా చెయ్యెత్తి అడిగేవాళ్లే, గెలిచేవాళ్లు ఉండరు. లేదా మూడు చోట్లా వాళ్ల ఓటు కోసం తిరగక తప్పదు. ఈ రెండింట్లో ఏది మేలో ఊరిని బట్టి ఉంటుంది, ఊళ్లో మనుషుల్ని బట్టి ఉంటుంది. ముసాయిదా పెట్టిన సాయంత్రమే పెద్దమనుషులు ఆఫీసుకొచ్చేవాళ్లు. “వీధికి ఉత్తరం పక్క నాలుగిళ్లు అటు కలిపేయండి సార్, రాకపోకలకు వీలుగా ఉంటుంది.” రాకపోకలంటే ఎవరి రాకపోకలో ఇంటి నంబర్లు చూస్తే తెలిసిపోయేది. ఆ నాలుగిళ్లలో ఇరవై ఓట్లుంటే మెంబరు మారిపోతాడు, మెంబరు మారితే ఉపసర్పంచి మారిపోతాడు. నేను కొన్నిసార్లు కలిపాను, కొన్నిసార్లు కలపలేదు. కలపనప్పుడు బదిలీ కూడా చేశారు. షెడ్యూల్డు ప్రాంతంలో ఆ తలనొప్పిలో సగం లేదు. 1996 పెసా చట్టం వచ్చాక అక్కడ సర్పంచి పదవులన్నీ గిరిజనులవే.

మా మేనల్లుడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఫ్రిస్కోలో ఉంటాడు. అక్కడ మనవాళ్లు వేలల్లో ఉన్నారు. నగర మండలిలో మేయరు కాక ఆరు స్థానాలు, వార్డుల్లేవు, ఆరింటికీ ఊరంతా ఓటేస్తుంది. “మీ జోడు ఓటు లాంటిదే మావయ్యా” అన్నాడు. కాదన్నాను. అక్కడ ఒకటో స్థానం, రెండో స్థానం అని అంకెలు వేసి, ఒక్కో స్థానానికి పోటీ విడిగా పెడతారు. ఓటు దాచుకునే ఆయుధం పనిచేయదు. నూటికి యాభై ఒక్కరు ఒక మాట మీదుంటే ఆరూ వాళ్లవే. సూరిదొర అలాంటి చోట గెలవలేడు.

ఆ ఊరంతటి ఓటింగు అక్కడి దక్షిణాదిలో ఎందుకు వచ్చిందో అలబామాలోని మొబీల్ నగరం కథ చెప్తుంది. 1911 నుంచి అక్కడ ముగ్గురు కమిషనర్లు, ఊరంతటి ఓటు. స్థానాలకు అంకెలు కూడా వేశారు. జనాభాలో మూడో వంతుకు పైగా నల్లవాళ్లు. ఏడు దశాబ్దాల్లో ఒక్క నల్ల కమిషనరు లేడు. 1980లో అమెరికా సుప్రీంకోర్టు, చెడు ఉద్దేశంతో పెట్టారని రుజువు చేస్తే తప్ప కుదరదంది. ఉద్దేశం కోసం చరిత్రకారులు పాత కాగితాలు తవ్వారు. ఆ నగరానికి చెందిన ఫ్రెడరిక్ బ్రోంబర్గ్ 1909లో శాసనసభకు రాసిన ఉత్తరం దొరికింది. నల్లవాళ్లను అధికారానికి దూరంగా ఉంచడమే మన అసలు ఉద్దేశమని అందులో దాపరికం లేకుండా రాసుకున్నాడు. 1982లో అమెరికా పార్లమెంటు చట్టం మార్చి, ఉద్దేశం అక్కర్లేదు, ఫలితం చాలంది. 1985లో మొబీల్‌ను ఏడు వార్డులు చేశారు. ఆ ఎన్నికలోనే ముగ్గురు నల్లవాళ్లు మండలిలోకి వచ్చారు.

అక్కడ గీత గీస్తే తక్కువమందికి తలుపు తెరుచుకుంది. పార్వతీపురంలో గీత లేనప్పుడే గిరిజనులు రెండు తలుపులూ తెరిచారు. గీసినవాడి చేతిని చూడకుండా ఏది మంచి పద్ధతని అడిగితే నేను జవాబు చెప్పలేను.

మన దేశంలోనూ ఉమ్మడి ఓటు పూర్తిగా పోలేదు. గుజరాత్ నగరాల్లో వార్డుకు నలుగురు. సూరత్‌లో 30 వార్డులు, 120 మంది కార్పొరేటర్లు. లింబాయత్‌లో మగ్గాల మీద బతికే మన వరంగల్, కరీంనగర్ పద్మశాలీలు ఒక్కొక్కరూ నాలుగు ఓట్లు వేస్తారు. మహారాష్ట్రలో ప్రభుత్వం మారినప్పుడల్లా వార్డుకు ఒకరా, ఇద్దరా, నలుగురా అన్నది మారుతూ వచ్చింది. షోలాపూర్‌లో 2017లో 102 సీట్లను 26 వార్డుల్లో సర్దారు. అక్కడ కూడా మనవాళ్ల మగ్గాలున్నాయి. నలుగురి పానెల్ మొత్తం ఒకే పార్టీకి కొట్టుకుపోవడం అక్కడ మామూలే. పార్టీ గుర్తు పెద్దదైనకొద్దీ మనిషి చిన్నవాడైపోతాడు.

పార్వతీపురం లోక్‌సభ సీటు 2008 పునర్విభజనలో పోయింది. దాని స్థానంలో అరకు వచ్చింది. పాలకొండ నుంచి రంపచోడవరం దాకా, కొండల వెంబడి సాగిన నియోజకవర్గం. కింద ఏడు అసెంబ్లీ సీట్లు: పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం. పార్వతీపురం ఎస్సీలకు రిజర్వు, మిగతా ఆరూ గిరిజనులకు. జనరల్ అభ్యర్థి వచ్చి రెండో కాగితం అడగాల్సిన చోటు ఆ ఏడింటిలో ఒక్కటీ లేదు.